చెంచురామయ్య దగ్గు

మా తమ్ముడు చెంచురామయ్య దగ్గకుండా ఎవరి ఇంటికీ వెళ్ళడు. అది జబ్బు దగ్గు కాదు. వాడి ఊపిరితిత్తులు కమ్మరి కొలిమితిత్తుల్లాంటివి. వీధి మొదట్లోనే సైకిలు దిగుతాడు. గంట కొడతాడు. గొడుగు మొన నేలకేసి టకటకలాడిస్తాడు. ఆపైన గొంతు సవరించుకుని ఒక దగ్గు దగ్గుతాడు. ఆ దగ్గుకి రేపల్లెలో లేచిన పావురాళ్ళు నిజాంపట్నంలో గాని వాలవు.

పోనీ దగ్గాడు కదా, లోపలికి వస్తాడా అంటే రాడు. అరుగు దగ్గర ఒక చెప్పు విడుస్తాడు. రెండో చెప్పు విడవాలా వద్దా అన్నట్టు చూస్తాడు. "ఎవరండీ ఇంట్లో" అంటాడు. లోపలి నుంచి "రండి" అన్నాక కూడా ఇంకోసారి దగ్గుతాడు. ఈలోగా ఆ ఇంటివాళ్ళు కాఫీ కాచుకుని, తాగి, గ్లాసులు కడిగి బోర్లించుకోవచ్చు.

సొంత ఇంటికీ ఇదే తంతు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్ని.

"ఏరా, నేనేమన్నా లోపల నాటుసారా కాస్తున్నానా, ఆ దగ్గేంటి?" అనేదాన్ని.

"అలవాటక్కా" అనేవాడు.

పెరట్లోకి వెళ్ళినా దగ్గే. మా పెరట్లో ఒక కరివేపాకు చెట్టుంది. నేను కడుగు నీళ్ళు పోసి పెంచిన చెట్టు. దాన్ని ఎవరో రెబ్బ మిగలకుండా దూసుకుపోతున్నారు. ఆ మనిషిని చెయ్యి పట్టుకుని నిలదీయాలని నేను కాపు కాసినప్పుడల్లా వీడు వెనక గుమ్మంలో నిలబడి దగ్గేవాడు. ఇంకేం దొరుకుతారు?

వాడికి పెళ్ళి కాకపోవడానికీ ఈ దగ్గే కారణం. అమృతలూరులో పిల్లని చూడటానికి వెళ్ళాం. వీధి మొదట్లోనే మొదలెట్టాడు. మొదటి దగ్గుకి పిల్ల మేనత్త కిటికీ రెక్క వేసింది. ఆ తర్వాత దగ్గుకి ఇంట్లో పసివాళ్ళని పెరటిదారిన పక్కింటికి పంపేశారు. మేము అరుగు ఎక్కేసరికి పిల్ల తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "బాబూ, మదనపల్లెలో క్షయకి మంచి ఆస్పత్రి ఉందటండి, ముందు అక్కడ చూపించుకోండి. పిల్లదేముంది, తర్వాత చూడొచ్చు" అన్నాడు. గారెలు వేగుతున్న వాసన మాత్రం ముక్కుకి తగిలింది. ఆ గారెల మీద నాకు ఇప్పటికీ కోపమే.

వాడి స్నేహితులిద్దరి సంగతి చెబితే గాని మిగతాది మీకు తెలియదు. తెనాలిలో కాలేజీ చదువు వెలగబెట్టే రోజుల్లో ముగ్గురిదీ ఒకే గది. తెనాలి పూర్ణచంద్రరావు, బాపట్ల బర్నబాస్, మా వాడు. అప్పటికే నా మొగుడు పోయి నేను పుట్టింటికి చేరాను. వాళ్ళకి పచ్చడి జాడీలు రేపల్లె నుంచి రైల్లో మోసుకెళ్ళింది నేనే. మూడో తరగతిలో పలక పంతులుగారి ముందే పగలగొట్టి వచ్చేసినదాన్ని, నాకు వాళ్ళ ఇంగ్లీషు మాటలు తెలిసేవి కావు. ఆవేశం మాత్రం తెలిసేది. అన్నం వడ్డిస్తుంటే విస్తరి చూసుకోకుండా లోకం గురించి మాట్లాడేవాళ్ళు.

ఆఖరి పరీక్ష రాసిన రోజున ముగ్గురూ బాపట్ల రైలెక్కి, సూర్యలంక పోయి, సముద్రంలో మోకాలి లోతున నిలబడి తలా ఒక ప్రతిజ్ఞ చేశారు. ఒంటిమీద బంగారం పెట్టను అన్నాడు పూర్ణచంద్రరావు. పంతులినైతే ఏ పిల్లవాడి మీదా చెయ్యెత్తను అన్నాడు బర్నబాస్. నా ఇంటికి తాళం వెయ్యను, ఎవరైనా రావచ్చు ఏదైనా తీసుకోవచ్చు అన్నాడు మా వాడు. అప్పటికి మొదటివాడికి బంగారం లేదు, రెండోవాడికి బడి లేదు, మూడోవాడికి ఇల్లు లేదు. సముద్రం ఏమీ అనలేదు. అలాంటివి అది రోజూ వింటుంది.

తర్వాత అందరికీ అన్నీ వచ్చాయి. పూర్ణచంద్రరావుకి రైసు మిల్లు వచ్చింది, మిల్లుతో పాటు పొట్ట వచ్చింది, పొట్టతో పాటు నాలుగు వేళ్ళకి నాలుగు ఉంగరాలు వచ్చాయి. బర్నబాస్ హెడ్మాస్టరయ్యాడు. ఆయన బెత్తం పేరు చెబితే బాపట్లలో చంటిపిల్లలు కూడా పాలు తాగేసేవాళ్ళు. మా వాడు రేపల్లెలో హిస్టరీ మేస్టరయ్యాడు, నాన్న వదిలిన పెంకుటింట్లో నన్ను పెట్టుకుని.

సెలవు దొరికితే చాలు, మా వాడు బాపట్లలో దిగేవాడు. ఆ బడి గేటు దగ్గర వాడి దగ్గు వినపడితే పిల్లలకి పండగ. బర్నబాస్ గబగబా బెత్తాన్ని గోడకి వేలాడే ఆసియా పటం చుట్టలో దూర్చేసి, అప్పుడే ముద్దు చేస్తున్నట్టు దగ్గరున్న పిల్లవాడి తల నిమిరేవాడట. వాడెవడో ఆ నిమురుడికి జడుసుకుని ఏడ్చాడు కూడా. ఇదంతా ఆయన భార్య ప్రేమకుమారి నాకు చెప్పి నవ్వేది. నేను నవ్వలేదు. దగ్గేవాడు మావాడు కదా.

మా ఇంటికి మాత్రం తాళం ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం పెళ్ళి భోజనానికి వెళ్ళి వస్తున్నాం. వీడు మామూలుగా వీధి మొదట్లో ఆగి దగ్గాడు. మేము గుమ్మంలోకి వచ్చేసరికి మా అత్తవారు నాకిచ్చిన ఇత్తడి గుండిగ లేదు. దొంగ ఎంత నిదానంగా వెళ్ళాడంటే, పెరటి తడిక కూడా వేసి వెళ్ళాడు.

"దొంగకి కూడా టైమిచ్చావుగదరా" అన్నాను.

"పాపం, ఎంత కంగారు పడ్డాడో" అన్నాడు.

మర్నాడే తెనాలి వెళ్ళి కొబ్బరికాయంత తాళం కొనుక్కొచ్చాను. వాడు గుమ్మంలో కూలబడ్డాడు. "అక్కా, ప్రతిజ్ఞ."

"ప్రతిజ్ఞ నువ్వు చేశావు. గుండిగ నాది."

ఆ రోజు నుంచీ నేను తాళం వేస్తుంటే వాడు అటు తిరిగి నిలబడేవాడు. తాళంచెవి ఒక్కనాడూ ముట్టుకోలేదు. నేను ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా అరుగు మీదే కూర్చునేవాడు. స్నేహితులిద్దరికీ ఈ సంగతి చెప్పలేదు. వాళ్ళు మా ఇంటికి వచ్చేవాళ్ళు కాదు, ఎప్పుడూ వీడే వెళ్ళేవాడు. అలా కొన్నేళ్ళు గడిచిపోయాయి.

డెబ్భై నాలుగులో పూర్ణచంద్రరావుకి గుండెనొప్పి వచ్చింది. గుంటూరు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి నేను పొద్దుటి బండికే తెనాలి వెళ్ళాను. మా వాడు బడి వదిలాక వస్తానన్నాడు. ఇంకొకరి ఇంట్లో ఆ దగ్గుకి లోపలి వైపున నేను ఉండటం అదే మొదటిసారి.

పూర్ణచంద్రరావు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మొహం సగమైపోయింది. పొట్టా ఉంగరాలూ మాత్రం అలాగే ఉన్నాయి.

"అక్కయ్యా, ఆస్పత్రిలో పడుకుంటే నాకేం గుర్తొచ్చిందో చెప్పనా? మీ ఇంటి తలుపు."

"మా తలుపుకేముందయ్యా, చెదలు తప్ప."

"తాళం లేదు. అదీ దాని గొప్ప. నేనూ బర్నబాసూ సముద్రంలో అన్న మాట సముద్రంలోనే వదిలేశాం. వాడొక్కడు నిలబెట్టాడు. ఇన్నేళ్ళల్లో ఒక్కసారి మీ ఇంటికి రాలేదు నేను. ఎందుకో తెలుసా? సిగ్గేసింది. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ తలుపు ఒక్కసారి నా చేత్తో నెట్టుకుని లోపలికి రావాలని. డాక్టరు తిరగొచ్చు అనగానే బర్నబాస్‌ని తీసుకుని వస్తాను."

నా బొడ్లో దోపుకున్న తాళంచెవి చల్లగా తగిలింది. నేను నోరు లేనిదాన్ని కాదు. ఆ పూట మాత్రం తాళంచెవిని ఇంకాస్త లోపలికి దోపుకున్నాను.

అప్పుడు వీధి మొదట్లో సైకిలు గంట మోగింది. తెనాలి స్టేషన్లో అద్దె సైకిలు తీసుకోవడం వాడి అలవాటు. పూర్ణచంద్రరావు భార్య కనకదుర్గ వంటింట్లోంచి ఆముదం సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"చాపండి, చెయ్యి చాపండి."

"గొడుగు చప్పుడైందా?"

"ఇప్పుడే అవుతోంది. ఇంక దగ్గే తరువాయి."

"ఆకుపచ్చ రాయిది రావట్లేదే."

"నోరు మూసుకుని వేలు వదులు చెయ్యండి. వదినా, మీరేమీ అనుకోకండి. ఇది మా ఇంట్లో మామూలే."

దగ్గు వినపడింది. మూడు ఉంగరాలు దిండు కిందకి పోయాయి. ఆకుపచ్చ రాయిది రాలేదు. కనకదుర్గ ఆ చేతికి తువ్వాలు చుట్టేసింది. ఇంతా అయ్యాక, మంచం మీద మనిషి ఊపిరి పీల్చుకుని, నీరసంగా మొహం పెట్టాక, మా వాడు ఇంకోసారి దగ్గి లోపలికి వచ్చాడు.

"ఏరా, చెయ్యి కాలిందన్నావు, ఇంకా తగ్గలేదా?"

"తగ్గుతోందిరా."

"పోయినేడు వేసంగిలో కాలింది కదూ. తొందరపడకు. కాలినవి నిదానంగానే తగ్గాలి" అన్నాడు మా వాడు, ఆ తువ్వాలు వైపు కన్నెత్తి చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. తిరుగు రైల్లో అడిగేశాను.

"నువ్వు దగ్గి దగ్గి టైమిస్తున్నావు, వాళ్ళు అన్నీ దాచేసి నిన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారు. ఈసారి దగ్గకుండా వెళ్ళరా, తెలుస్తుంది."

"ఏంటక్కా తెలిసేది?"

"నాలుగు ఉంగరాలు తెలుస్తాయి. ఒక బెత్తం తెలుస్తుంది."

వాడు కిటికీలోంచి చూస్తూ, "వేమూరు వచ్చినట్టుంది" అన్నాడు.

సరేనని తలుపు సంగతి చెప్పాను. పూర్ణచంద్రరావు ఏమన్నాడో, ఎందుకు వస్తానన్నాడో, మొత్తం. వాడి మొహంలో రంగు దిగిపోయింది. భట్టిప్రోలు దాటేదాకా గొడుగు పిడి పట్టుకునే కూర్చున్నాడు.

ఆ రోజు నుంచీ వాడికి తిండి లేదు. క్లాసులో అక్బరుని హుమాయూన్‌కి తండ్రిని చేశాడట, పిల్లలు రాసేసుకున్నారు. ఇంట్లో తలుపు దగ్గరికి వెళ్ళి తాళం వైపు పాముని చూసినట్టు చూసి వచ్చేవాడు.

"అక్కా, నేనే వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెప్పు. తర్వాత ఆ గుండెకేమన్నా అయితే కనకదుర్గకి కూడా నువ్వే చెప్పుకో."

"అయితే తాళం తీసేద్దాం."

"తీస్తాను. వాళ్ళు వచ్చే రోజు తీస్తాను."

"అది మోసం కాదా?"

"మోసమే. కాదనను. ఈలోగా రెండో గుండిగ పోతే ఎవరిస్తారు?"

ఇలా వాడిని అదిలించాను గాని నాకూ నిద్ర పట్టలేదు. నేను భయపడే మనిషినని కాదు. ఆ పిల్లలకి పచ్చడి అన్నం కలిపి పెట్టినదాన్ని. ఒకడు చావు దాకా వెళ్ళి తిరిగొచ్చి, నా గుమ్మం చూసుకుని బతుకుతానంటున్నాడు. ఆ గుమ్మానికి కొబ్బరికాయంత ఇనుము వేలాడుతోంది. అది వేలాడదీసిన చెయ్యి నాది.

ఆదివారం పది గంటల బండికి వస్తున్నామని బర్నబాస్ కార్డు రాశాడు. ఆ పొద్దున మా వాడు తెల్లారగట్లే స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"అక్కా, తాళం..."

"గొళ్ళేనికి ఊరికే తగిలించి ఉంది. బండి కూత వినపడగానే తీసి దాచేస్తాను. నువ్వు పో."

పెసరపప్పు ఉడికించాను. ఉప్పు తగ్గించి ముక్కల పులుసు పెట్టాను. పోపు వేద్దామని పెరట్లోకి వెళితే కరివేపాకు చెట్టు బోడిగుండులా నిలబడి ఉంది. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. బండికి ఇంకా వేళ ఉంది కదా అని సంచీ పట్టుకుని బజారుకి పరిగెత్తాను.

చేతికి బుద్ధి ఉండదు. ఇన్నేళ్ళ అలవాటు దానిది. గుమ్మం దాటగానే గొళ్ళెం పెట్టి, తాళం నొక్కేసి, తాళంచెవి బొడ్లో దోపేసింది. నేను నా ధ్యాసలో కరివేపాకు దొంగని తిట్టుకుంటూ నడుస్తున్నాను.

తిరిగి వచ్చేసరికి పక్కింటి అనసూయ అరుగు మీద నిలబడి ఉంది.

"అక్కయ్యగారూ, మీ ఇంటికి ఎవరో పెద్దమనుషులు వచ్చారండి. కారులో."

"కారులోనా? ఎప్పుడు?"

"ఇప్పుడేనండి. ఒకాయన లావుపాటి ఆయన, చేతికర్ర పట్టుకుని. ఇంకొకాయన కళ్ళజోడు. లావుపాటి ఆయన తలుపు నెట్టబోయి తాళం చూశాడండి. చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గబగబా కారెక్కి వెళ్ళిపోయారు."

నా చేతిలో సంచీ జారింది. తాళం గుమ్మం మీద నన్నే చూస్తోంది. ఎటు వెళ్ళి ఉంటారు? తెనాలికి తిరిగి వెళ్ళిపోయారా? దారిలో ఆ మనిషికి ఏమన్నా అయితే? స్టేషన్లో ఉన్నవాడికి నేనేం చెప్పాలి? వీధి మధ్యకి వచ్చి అటూ ఇటూ చూశాను.

అప్పుడు వీధి మొదట్లో కారు హారను మోగింది. ఆ వెనకే ఎవరో చేతికర్రతో కరెంటు స్తంభాన్ని టకటక కొట్టారు. ఆపైన ఒక దగ్గు.

మా వాడి దగ్గు కాదు. మా వాడిది కంచు. ఇది అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళ దగ్గు. ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా, ఆపైన రెండూ కలిసి. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి, ఊళ్ళోకి కోరింత దగ్గు వచ్చిందని పసివాళ్ళని లోపలికి లాక్కున్నారు. అనసూయ అల్లం దంచనా అని అడిగింది.

నాకు ఆముదం సీసా కళ్ళ ముందు కదిలింది.

ఒక్క ఉదుటున అరుగెక్కాను. తొందరలో తాళంచెవి తిరగదు. వాళ్ళు దగ్గుతూనే ఉన్నారు. గుండెనొప్పి మనిషి, ఈ దగ్గుకే పోతాడేమోనని అదొక భయం. తాళం ఊడింది. ఎక్కడ పెట్టాలో తోచక బియ్యం డబ్బాలో వేసి పైన బియ్యం కప్పాను. తలుపు దగ్గరికి వేసి, నుదుటి చెమట తుడుచుకుని, లోపలి నుంచి నింపాదిగా అన్నాను.

"ఎవరది వీధిలో? తలుపు తీసే ఉంది, రండి."

పూర్ణచంద్రరావు తలుపుని రెండు చేతులతో నెట్టుకుని వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడి, గోడల వంక, దూలాల వంక చూశాడు.

"చూశావా బర్నబాస్. తాళం లేదు."

"చూశాను. లేదు" అన్నాడు బర్నబాస్. గొళ్ళెం కనపడకుండా దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "రైలు కుదుపు వద్దన్నాడండి అక్కయ్యగారూ డాక్టరు. అందుకని కారులో వచ్చాం."

"చాలాసేపైందా వచ్చి?"

"లేదండి. ఈ నిమిషమేనండి."

చర్చి ప్రార్థన మానుకుని వచ్చిన మనిషి, ఆదివారం పూట ఆ అబద్ధం అంత నున్నగా ఎలా చెప్పాడో ఆయన దేవుడికే తెలియాలి.

బండిలోంచి వాళ్ళు దిగకపోయేసరికి మా వాడు స్టేషన్ నుంచి వచ్చాడు. వీధి మొదట్లో దగ్గాడు. లోపలి నుంచి ఇద్దరూ జవాబుగా దగ్గారు. వాడి చెప్పుల చప్పుడు ఆగిపోయింది. తర్వాత రెండు చెప్పులూ ఒకేసారి విడిచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు. నేను బియ్యం డబ్బా వంక చూశాను.

విస్తళ్ళు వేశాను. పూర్ణచంద్రరావు వేళ్ళకి ఉంగరాల్లేవు, తెల్లటి మచ్చలున్నాయి. పప్పు వాసనలో కలిసి కాస్త ఆముదం వాసన.

"ఒరేయ్, ఆ రోజు సముద్రంలో నిలబడ్డ కుర్రాళ్ళు ముగ్గురూ ఇప్పుడు ఇటు వస్తే మనల్ని గుర్తుపడతారంటావా?" అన్నాడు పూర్ణచంద్రరావు.

"గుర్తుపట్టరు. నిన్ను చూసి ఎవరో షావుకారనుకుని చందా అడుగుతారు" అన్నాడు బర్నబాస్.

"నిన్ను చూసి గోడ దూకుతారు."

"దూకుతారు. దూకాల్సిందే" అని బర్నబాస్ అన్నం కెలికాడు. "చెంచూ, నీ దగ్గర మాత్రం ఆగుతారురా. లోపలికొచ్చి పడుకుంటారు."

మా వాడి ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. మొహం ఎర్రబడింది. "ఒరేయ్, మీకు ఒక మాట చెప్పాలి. ఈ తలుపుకి..."

ఇద్దరికీ ఒక్కసారే దగ్గొచ్చింది. అలాంటి ఇలాంటి దగ్గు కాదు, విస్తళ్ళు కదిలిపోయే దగ్గు.

"పులుసు గొంతుకి అడ్డంపడిందండి అక్కయ్యగారూ" అన్నాడు బర్నబాస్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఏంట్రా చెంచూ, ఏదో అంటున్నావు?"

మా వాడు వాళ్ళిద్దరి వంకా చాలాసేపు చూశాడు.

"ఏం లేదు. పప్పు బాగుందా అని."

"ఉప్పు లేదు" అన్నాడు పూర్ణచంద్రరావు. అంతే, ముగ్గురూ నవ్వడం మొదలెట్టారు. ఏమంత నవ్వొచ్చే మాటో నాకు తెలియలేదు. తెనాలి గదిలో కూడా ఇలాగే నవ్వేవాళ్ళు, విస్తరి చూసుకోకుండా.

సాయంత్రం కారు వీధి మలుపు తిరిగాక, మా వాడు అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, వాళ్ళు తాళం చూశారు కదూ."

"చూశారు."

"చూసి కూడా..."

"నువ్వు ఉంగరాలు చూడలేదూ? చూసి కూడా ఇన్నేళ్ళు దగ్గలేదూ? వేమూరు వచ్చిందన్నావు నాతో."

వాడు గొడుగు మొనతో నేల మీద గీతలు గీశాడు. "దాచుకుంటున్నారంటే మర్చిపోలేదన్నమాటేగా అక్కా. మర్చిపోయినవాడికి సిగ్గెందుకు? ఆ ఉంగరాలు తీసే కాసేపన్నా వాడు ఆ సముద్రంలో కుర్రాడే. నేను చప్పుడు చెయ్యకుండా వెళితే ఆ కాసేపు కూడా ఉండదు."

మజ్జిగ తెచ్చిచ్చాను.

మర్నాడు తాళం బియ్యంలోంచి తీసి, దులిపి, మళ్ళీ తలుపుకే వేశాను. వాడి స్నేహం వాడిది, నా ఇత్తడి సామాను నాది.

మొన్న పొద్దున పెరట్లో రెమ్మ విరిగిన చప్పుడైంది. ఎన్నేళ్ళ నుంచో నేను కాచుకున్న అదను. అట్లకాడ చేతిలో ఉండగానే, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక గుమ్మం దాకా వెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే అనసూయ. కొంగు నిండా నా కరివేపాకు. ఒక్క అడుగు వేస్తే చెయ్యి దొరుకుతుంది.

గుమ్మంలోనే ఆగి, గొంతు సవరించుకుని, ఒక దగ్గు దగ్గాను. దడి అవతల గాజులు గలగలమన్నాయి. అంతా సద్దుమణిగాక ఇంకోసారి దగ్గి, అప్పుడు పెరట్లోకి వెళ్ళాను.

ముందు గదిలోంచి మా వాడు కేకేశాడు. "ఏంటక్కా, జలుబు చేసిందా?"

"నీ పని నువ్వు చూసుకోరా" అన్నాను.